గాడిద చూపిన సమాధులు, మేడ కట్టిన ట్రాములు: అలెగ్జాండ్రియా విశేషాలు!

ఈజిప్టు అనగానే పిరమిడ్లు, ఇసుక, ఒంటెలు గుర్తొస్తున్నాయా? పటంలో ఇంకాస్త పైకి చూడండి. మధ్యధరా సముద్రం ఒడ్డున సన్నగా, పొడవుగా పరుచుకున్న ఊరొకటి కనిపిస్తుంది. అదే అలెగ్జాండ్రియా. ఎలా వెళ్లాలి, ఏమెక్కాలి, ఎక్కడ దిగాలి అని అడగడం మొదలుపెడితే చాలు, ప్రతి ప్రశ్న వెనకా నోరెళ్లబెట్టించే సంగతి ఒకటి దొరుకుతుంది. కాచుకోండి మరి!

మీకు తెలుసా? ఈ నగరానికి మొదటి ప్లాను గీసింది పిండితో! క్రీ.పూ. 331లో అలెగ్జాండర్ చక్రవర్తి వీధులు ఎటు రావాలో చూపిస్తుంటే గీతలు గీయడానికి సుద్ద దొరకలేదట. బార్లీ పిండి తెచ్చి గీశారు. పక్షులు గుంపులుగా వచ్చి వాలి ప్లాను మొత్తం తినేశాయి! ‘భయం లేదు, ఈ ఊరు ఎందరికో తిండి పెడుతుంది’ అని జ్యోతిష్కులు సర్దిచెప్పారని ప్లూటార్క్ రాశాడు. ఇవాళ అక్కడి జనాభా 50 లక్షలకు పైనే. జోస్యం గట్టిదే!

మరి ఆ అలెగ్జాండర్ తన ఊళ్లో ఎన్నాళ్లున్నాడో తెలుసా? కొన్ని నెలల్లోనే ఈజిప్టు వదిలి వెళ్లిపోయాడు. ప్రాణాలతో మళ్లీ రాలేదు. శవమై వచ్చాడు. బాబిలోన్ నుంచి బయల్దేరిన ఆ అంతిమయాత్ర బండిని లాగినవి 64 కంచర గాడిదలు! మాసిడోనియాకు వెళ్తుందనుకున్న బండిని సేనాని టోలెమీ దారి మళ్లించి ఈజిప్టుకు లాక్కొచ్చాడు. చరిత్రలో ఇంతకంటే పెద్ద హైజాక్ ఉందా? చివరికి సమాధి కట్టింది అలెగ్జాండ్రియాలోనే. అది ఎక్కడుందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. మీరు నడిచే ఫుట్‌పాత్ కిందే ఉండొచ్చు!

సరే, మనం 64 కంచర గాడిదల మీద వెళ్లం కదా. కైరోలో దిగి రైలెక్కుదాం.

మీకు తెలుసా? కైరో–అలెగ్జాండ్రియా రైలు మార్గం ఆఫ్రికా ఖండంలోనే మొట్టమొదటిది! రాబర్ట్ స్టీఫెన్‌సన్ వేశాడు. ఆవిరి రైలుకు పేరు తెచ్చిన జార్జ్ స్టీఫెన్‌సన్ కొడుకే ఈయన. మొదటి భాగం 1854లో తెరిచారు. 1856కల్లా కైరో చేరింది. మద్రాసు రాయపురం నుంచి దక్షిణ భారతంలో మొదటి రైలు కదిలింది కూడా సరిగ్గా ఆ 1856లోనే!

ఆ లైను మీద జరిగిన ఒక్క ప్రమాదం ఈజిప్టు సింహాసనాన్నే మార్చేసిందని తెలుసా? అప్పట్లో కఫ్ర్ ఎల్ జయ్యాత్ దగ్గర నైలు నదికి వంతెన లేదు. పెట్టెల్ని పంటు మీదికి ఎక్కించి దాటించేవారు. 1858 మే 15న రాజకుటుంబం ప్రయాణిస్తున్న పెట్టె పంటు మీద నుంచి జారి నదిలో పడింది. తర్వాత రాజు కావాల్సిన అహ్మద్ రిఫాత్ మునిగి చనిపోయాడు. వారసత్వం తమ్ముడు ఇస్మాయిల్‌కు వచ్చింది. ఆ ఇస్మాయిల్ పాలనలోనే 1869లో సూయజ్ కాలువ ప్రారంభమైంది, ఐరోపా రాజకుటుంబీకులు తరలివచ్చారు. ఒక పంటు, ఒక పెట్టె, ఒక కిరీటం! ఇప్పుడక్కడ గట్టి వంతెన ఉంది, కిటికీ పక్కన నిశ్చింతగా కూర్చోండి.

ఆ 200 కిలోమీటర్ల పైచిలుకు దూరం మంచి రైలుకు రెండున్నర నుంచి మూడు గంటలు. స్పెయిన్ నుంచి తెచ్చిన టాల్గో పెట్టెల రైళ్లు 2022 నుంచి నడుస్తున్నాయి. దారి పొడవునా డెల్టా పొలాలు, కాలువలు, తాటిచెట్లను పోలిన ఖర్జూరాలు. కోనసీమ వాళ్లు ఎక్కితే చూపు తిప్పుకోలేరు! ఎడారి రోడ్డున బస్సులూ బోలెడున్నాయి, కానీ నా ఓటు రైలుకే.

అలెగ్జాండ్రియాకు పెద్ద స్టేషన్లు రెండని తెలుసా? ముందు వచ్చేది సీదీ గాబర్, ఆఖరిది మిస్ర్ స్టేషన్. మీ హోటల్ ఊరికి తూర్పున, స్టాన్లీ వైపో మొంతజా వైపో ఉంటే సీదీ గాబర్‌లోనే దిగిపోండి. పాత ఊళ్లో ఉంటే మిస్ర్ దాకా కూర్చోండి. ఈ ఒక్క ముక్క తెలియక ఊరంతా దాటిపోయి మళ్లీ వెనక్కి వచ్చే యాత్రికులు ఎందరో!

విమానంలో నేరుగా వస్తామంటారా? విమానాశ్రయం బోర్గ్ ఎల్ అరబ్‌లో ఉంది. ఊరికి 40 కిలోమీటర్లకు పైనే! శంషాబాద్‌లో దిగి సికింద్రాబాద్ వెళ్లేవాళ్లకు ఇదేం కొత్త కాదు లెండి.

ఊళ్లో దిక్కులు తెలుసుకోవడం ఎంత తేలికో తెలుసా? దిక్సూచి అక్కర్లేదు. సముద్రం ఎప్పుడూ ఉత్తరానే! సముద్రం మీ ఎడమచేతి వైపు ఉంటే తూర్పుకు వెళ్తున్నట్టు, కుడిచేతి వైపు ఉంటే పడమటికి. ఇంత సులువైన మహానగరం ఇంకెక్కడుంది?

ఇంకో కిటుకు. ఈజిప్టులో బండ్లు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి. సముద్రం పొడవునా సాగే కార్నిష్ రోడ్డు మీద నిలబడి లెక్క వేయండి. కైత్‌బే కోట వైపు, అంటే పడమటికి పోయే బండ్లన్నీ సముద్రం పక్కనుంచి పోతాయి. మొంతజా వైపు, అంటే తూర్పుకు పోయేవి ఇళ్ల పక్కనుంచి పోతాయి. ఎటు వెళ్లాలో అటు నిలబడితే చాలు, బస్సు మీ ముందుకే వస్తుంది!

రోడ్డు దాటేటప్పుడు మాత్రం జాగ్రత్త! మనకు ముందు కుడివైపు చూసే అలవాటు. అక్కడ బండ్లు ముందు ఎడమవైపు నుంచి వస్తాయి. కార్నిష్ కింద నడిచేవారి కోసం సొరంగ దారులున్నాయి, వాటిని వాడండి. కార్నిష్ మీద పరుగెత్తి దాటే పోటీలో స్థానికులదే ఎప్పుడూ బంగారు పతకం!

మీకు తెలుసా? అలెగ్జాండ్రియాలో ట్రాముకు మేడ కట్టారు! రెండంతస్తుల ట్రాములు ఇటీవలి దాకా తిరిగిన నగరాలు ప్రపంచంలో చాలా కొద్ది. హాంకాంగ్, ఇంగ్లండ్‌లోని బ్లాక్‌పూల్, ఆ వరసలోనే అలెగ్జాండ్రియా. హైదరాబాద్ డబుల్ డెక్కర్ బస్సులో పైన కూర్చుని ఊరేగిన వాళ్లకు ఆ సంబరం ఎలాంటిదో చెప్పక్కర్లేదు. ఇక్కడ అదే మేడ పట్టాల మీద ఉరికింది!

రమ్ల్ అనే లైను మీది ఈ ట్రాము ఎప్పటిదో ఊహించండి. 1900? 1880? కాదు, 1863! మొదట గుర్రాలు లాగాయి, తర్వాత ఆవిరి ఇంజన్ లాగింది, 20వ శతాబ్దం మొదట్లో కరెంటు అందుకుంది. కలకత్తాలో గుర్రపు ట్రాము రావడానికి ఇంకా పదేళ్లు ఉందప్పటికి. ఆఫ్రికాలో దీనికంటే పాత ట్రాము లేదు!

ఆడవాళ్లకు ప్రత్యేకంగా ఒక పెట్టె ఉండటం ఈ ట్రాముల్లో పాత అలవాటు. మగవాళ్లు తెలియక ఎక్కితే? పెట్టెలో ఉన్న పెద్దమ్మలే దింపేస్తారు!

క్లియోపాత్రా దగ్గర దిగాలంటే ఏ ట్రాము ఎక్కాలి? నవ్వకండి, ఇది నిజమైన ప్రశ్నే! లైను మీద ‘క్లియోపాత్రా’ అనే స్టాపు ఉంది. కాస్త దూరంలోనే ‘క్యాంప్ సీజర్’ స్టాపూ ఉంది. రెండు వేల ఏళ్లు గడిచినా ఆ జంటను ఈ ఊరు విడదీయలేదు! ఫ్లెమింగ్, గ్లిమెనోపూలో, సాన్ స్టెఫానో, జిజీనియా... ఒకప్పుడు ఇక్కడ కాపురమున్న గ్రీకుల, ఇటాలియన్ల, ఇంగ్లీషువాళ్ల పేర్లన్నీ స్టాపుల బోర్డుల మీదే బతికున్నాయి. ఆ పేర్లే పేటలకూ ఉన్నాయి కాబట్టి ఏ బండివాడికి చెప్పినా పనికొస్తాయి.

కానీ వెళ్లేముందు ఒక్క మాట. ఈ రమ్ల్ లైనుకు మొత్తంగా కొత్త రూపమిచ్చే పనులు చేపట్టారు. అటు అబూకీర్ పాత రైలు మార్గాన్ని మెట్రోగా మారుస్తున్నారు. 21.7 కిలోమీటర్లు, 20 స్టేషన్లు! కాబట్టి ఏ భాగం నడుస్తోంది, ఏది ఆగింది అన్నది హోటల్లో దిగిన రోజే కనుక్కోండి. 1863 నుంచి సేవ చేసిన లైనుకు ఆ మాత్రం ముస్తాబు న్యాయమే.

ట్రాము లేకపోతే ఏం? మష్రూ ఉంది! తెల్లటి చిన్న వ్యాన్లను ఇక్కడివాళ్లు అలా పిలుస్తారు. ‘మైక్రోబస్’ అంటే కైరో నుంచి వచ్చారని ఇట్టే పట్టేస్తారు! చెయ్యెత్తి పేట పేరు అరవండి, ఆగితే ఎక్కండి. మన షేర్ ఆటో ఎక్కిన వాళ్లకు ట్రైనింగ్ అక్కర్లేదు.

మష్రూలో కండక్టర్ ఉండడని తెలుసా? ప్రయాణికులే కండక్టర్లు! వెనక సీటాయన నోటు ముందాయనకు ఇస్తాడు, ఆయన ఆ ముందున్నావిడకు, ఆవిడ డ్రైవరుకు. డ్రైవరు ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ ఇంకో చేత్తో చిల్లర లెక్కపెట్టి వెనక్కి పంపుతాడు. ఆ చిల్లర నాలుగు చేతులు మారి, ఎవరిది వాళ్లకు చేరుతుంది. ముందు సీట్లో కూర్చున్నారా? ఆ పూటకు మీరే ఖజానా అధికారి!

అందుకే చిల్లర నోట్లు బంగారంతో సమానం. పెద్ద నోటు ఇస్తే ‘ఫక్కా లేదు’ అంటారు, అంటే చిల్లర లేదని. పొద్దున్నే టీ కొట్టులోనో కిరాణా కొట్టులోనో మార్చి జేబులో పెట్టుకోండి. అన్నట్టు, ఈజిప్టు పది పౌండ్ల నోటు 2022 నుంచి ప్లాస్టిక్‌తోనూ వస్తోందని తెలుసా? సముద్రంలో తడిసినా తుడిచి మళ్లీ జేబులో పెట్టుకోవచ్చు!

మీకు తెలుసా? ప్రయాణించిన దూరాన్ని కొలిచే యంత్రం గురించి ఈ ఊరాయనే దాదాపు రెండు వేల ఏళ్ల కిందట రాశాడు! పేరు హెరాన్. చక్రం తిరిగినకొద్దీ పళ్ల చక్రాలు కదిలి దూరం చెప్పే ఏర్పాటది. ఇప్పటి టాక్సీ మీటరుకు ముత్తాత అన్నమాట! మరి అదే అలెగ్జాండ్రియాలో ఇవాళ టాక్సీ మీటర్ల మీద ఆధారపడేవాళ్లు దాదాపు లేరు! నలుపు–పసుపు టాక్సీ ఎక్కేముందే బేరం తేల్చుకోండి. బేరం కుదిరాకే తలుపు తీయండి. బేరమాడే ఓపిక లేకపోతే ఉబర్, కరీమ్ యాప్‌లు పనిచేస్తాయి.

ఆ హెరాన్ ఇంకేం వివరించాడో వింటే కళ్లు తిరుగుతాయి. నాణెం వేస్తే గుడిలో పవిత్ర జలం పోసే యంత్రం! నాణెం బరువుకు లోపలి పలక వంగుతుంది, మూత తెరుచుకుంటుంది, నాణెం జారి పడగానే మూసుకుంటుంది. రైల్వే స్టేషన్ కూల్‌డ్రింక్ మిషను క్రీస్తుశకం మొదటి శతాబ్దంలోనే! ఆవిరితో గిరగిరా తిరిగే బంతిని కూడా వర్ణించాడు. అయినా ఆ ఊరికి ఆవిరి రైలు రావడానికి 1854 దాకా ఆగాల్సి వచ్చింది.

గుర్రపు బండి సరదా ఉందా? కార్నిష్ మీద ‘హంతూర్’ బండ్లు తిరుగుతాయి. సాయంత్రం కోట వైపు ఒక చుట్టు తిరిగి రావచ్చు. డబుల్ డెక్కర్ బస్సులూ ఉన్నాయి, సముద్రం వైపు పై సీటు దొరికితే టికెట్టు డబ్బులు అక్కడికక్కడే వసూలైనట్టు!

ఈత కొట్టి వెళ్లినవాళ్లు కూడా ఉన్నారు తెలుసా? జూలియస్ సీజర్! ఇక్కడి యుద్ధంలో పడవ నుంచి నీళ్లలోకి దూకాల్సి వచ్చింది. ఒక చేత్తో కాగితాలు తడవకుండా పైకెత్తి, ఇంకో చేత్తో ఈదుకుంటూ రెండు వందల అంగల దూరం వెళ్లాడని రోమన్ చరిత్రకారుడు సూటోనియస్ రాశాడు. పాస్‌పోర్ట్ జాగ్రత్త చేసుకోవడంలో ఇంతకంటే పెద్ద గురువు దొరకడు!

కైత్‌బే కోటకు నడిచి వెళ్లొచ్చు. అందులో వింతేముంది అంటారా? అది ఒకప్పుడు దీవి! పేరు ఫారోస్. గ్రీకు రాజులు ఒడ్డు నుంచి దీవి దాకా 1,200 మీటర్లకు పైగా కట్ట వేశారు. ఆ కట్టకు రెండు పక్కలా శతాబ్దాలపాటు ఇసుక మేట వేసి, చివరికి నేలగా మారింది. ఇప్పుడా నేల మీద బజార్లు, మేడలు, ట్రాఫిక్ జామ్‌లు! మీరు హారన్లు మోగిస్తూ ఇరుక్కుపోయిన చోట ఒకప్పుడు చేపలు తిరిగాయి.

ఆ కోట గోడల్ని తాకండి. ఎందుకో తెలుసా? ప్రపంచ ఏడు వింతల్లో ఒకదాన్ని తాకినట్టే! క్రీ.పూ. 280 ప్రాంతంలో ఇక్కడ కట్టిన దీపస్తంభం ఎత్తు వంద మీటర్లకు పైనే. దాదాపు 1,600 ఏళ్లు నిలబడి, 1303, 1323 భూకంపాలకు కూలింది. 1477లో సుల్తాన్ కైత్‌బే అదే చోట, ఆ రాళ్లలో కొన్నింటిని వాడుకునే కోట కట్టాడు. మిగతా రాళ్లేవి? పక్కనే సముద్రం అడుగున! 1990లలో ఫ్రెంచి పురావస్తు బృందాలు దిగి వందల కొద్దీ రాళ్లూ విగ్రహాలూ గుర్తించాయి. ఈత, డైవింగ్ వచ్చినవాళ్లు మునిగి మరీ చూడొచ్చు. మ్యూజియానికి ఆక్సిజన్ సిలిండర్‌తో వెళ్లడమంటే ఇదే!

పురావస్తు శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి వెతికినా దొరకని సమాధుల్ని ఎవరు కనిపెట్టారో చెప్పుకోండి చూద్దాం! ఒక గాడిద! 1900 సెప్టెంబర్ 28న నడుస్తూ నడుస్తూ నేల కుంగి బావిలాంటి గోతిలో పడిపోయింది. కిందికి దిగి చూస్తే కోమ్ ఎల్ షొకాఫా, మూడంతస్తుల భూగర్భ శ్మశానం! గుండ్రంగా తిరుగుతూ 99 మెట్లు దిగాలి.

ఆ అడుగున ఏముందో తెలుసా? డైనింగ్ హాలు! చనిపోయినవాళ్లను చూడ్డానికి వచ్చిన బంధువులు అక్కడే రాతి అరుగుల మీద ఒరిగి భోంచేసేవారు. తిన్న గిన్నెల్ని ఇంటికి తీసుకెళ్లకుండా అక్కడే పగలగొట్టేవారు. ఆ పెంకులే పైన దిబ్బగా పేరుకున్నాయి. ఇంకా లోపలికి వెళ్తే ఈజిప్టు దేవుడు అనూబిస్ కనిపిస్తాడు. నక్క తల, ఒంటి మీద మాత్రం రోమన్ సిపాయి యూనిఫాం! అలెగ్జాండ్రియాను ఒక్క బొమ్మలో చూడాలంటే నేను దీన్నే చూపిస్తాను. గట్టి చెప్పులు వేసుకోండి, మెట్లు నున్నగా అరిగి ఉంటాయి.

పక్కనే ‘పాంపే స్తంభం’. రోమన్ సేనాని పాంపేకీ దీనికీ ఏం సంబంధం? ఏమీ లేదు! ఆయన చనిపోయిన దాదాపు 350 ఏళ్లకు డయోక్లెషియన్ చక్రవర్తి పేర నిలిపారు. స్తంభం నడుము ఒకే రాయి. 20 మీటర్ల పొడవు, 285 టన్నుల బరువు, అస్వాన్ నుంచి నైలు మీద వచ్చింది. ఏ లారీ లేని రోజుల్లో!

దాని మీదికి గాలిపటంతో ఎక్కారని తెలుసా? 1803లో జాన్ షార్ట్‌లాండ్ అనే బ్రిటిష్ నౌకాధికారి గాలిపటాన్ని స్తంభం మీదుగా ఎగరేశాడు. దారానికి తాడు కట్టి, తాడుతో నిచ్చెన లాగి, తోటి ఉద్యోగితో పైకి ఎక్కేశాడు. కొద్ది రోజులకు మళ్లీ ఎక్కి భోజనం కూడా కానిచ్చాడు! మన సంక్రాంతి గాలిపటాలు ఇంతదాకా ఎప్పుడూ ఆలోచించలేదు.

‘క్లియోపాత్రా సూదులు’ ఎక్కడున్నాయి అని అడిగితే ఆటో కాదు, విమానం ఎక్కాలి! ఒకటి లండన్‌లో, ఇంకొకటి న్యూయార్క్‌లో. రెండూ ఈ ఊరి రేవు పక్కన నిలబడిన రాతి స్తంభాలే. లండన్‌దాన్ని ఇనుప గొట్టంలో పెట్టి, దాన్నే పడవ చేసి, ఓడతో లాగుకుంటూ వెళ్లారు. 1877లో తుఫానులో తాడు తెగిపోయింది, రక్షించబోయిన ఆరుగురు నావికులు ప్రాణాలు కోల్పోయారు. గొట్టం మాత్రం మునగకుండా తేలుతూ దొరికింది. ఇక న్యూయార్క్‌దాని సంగతి వినండి. అట్లాంటిక్ దాటడానికి ఒకటిన్నర నెల కూడా పట్టలేదు. ఊళ్లోకి చేరాక పార్కు దాకా జరపడానికి 112 రోజులు! ట్రాఫిక్ ఎక్కడైనా ట్రాఫిక్కే.

మీకు తెలుసా? పూర్వం ఈ రేవులో ఓడ ఆగితే ముందు వెతికేది బంగారం కోసం కాదు, పుస్తకాల కోసం! దొరికిన ప్రతి పుస్తకాన్నీ గ్రంథాలయానికి పట్టుకెళ్లి నకలు రాయించేవారు. తర్వాత తిరిగి ఇచ్చేది నకలు, ఉంచుకునేది అసలు! ఆ మహాగ్రంథాలయం ఎప్పుడో నశించింది. 2002 అక్టోబరులో దాని పేర కొత్త బిబ్లియోథెకా ప్రారంభమైంది. సముద్రం వైపు వాలిన 160 మీటర్ల వెడల్పు గుండ్రటి కప్పు, 80 లక్షల పుస్తకాలకు చోటు, గ్రానైట్ గోడ మీద 120 లిపుల అక్షరాలు! షాత్‌బీ అని చెప్తే ఏ మష్రూ అయినా దింపుతుంది. మీ సంచిలోని పుస్తకాన్ని ఇప్పుడెవరూ లాక్కోరు.

పుస్తకాల మాటొచ్చింది కాబట్టి ఇది చెప్పాల్సిందే. ‘ఎ పాసేజ్ టు ఇండియా’ రాసిన ఇ.ఎం. ఫార్‌స్టర్ 1922లో అలెగ్జాండ్రియాకు గైడ్ పుస్తకం రాశాడు. గోదాములో అగ్నిప్రమాదం, ప్రతులన్నీ కాలిపోయాయని ప్రచురణకర్తలు చెప్పి బీమా సొమ్ము పంచారు. తర్వాత చూస్తే నేలమాళిగలో పుస్తకాలు క్షేమం! బీమా సొమ్ము పుచ్చుకున్నాక ఇప్పుడెలా? ఈసారి కావాలనే కాల్చేశారు! ఈ సంగతి చెప్పింది ఫార్‌స్టరే.

కాలువను రోడ్డు చేసిన ఊరు చూశారా? 1820లో నైలు నీళ్లు తెచ్చిన మహమూదియా కాలువను ఊరి మేరకు పూడ్చి, 2020లో 21 కిలోమీటర్ల పొడవున వెడల్పాటి రోడ్డు తెరిచారు. ఒకప్పుడు పడవలు పోయిన దారిన ఇప్పుడు కార్లు పోతున్నాయి. కార్నిష్ కిక్కిరిసినప్పుడు డ్రైవర్లు లోపలి నుంచి పట్టుకునే దారి ఇదే, గుర్తుంచుకోండి.

ఎప్పుడు వెళ్లాలి? ఇక్కడే అసలు వింత! అలెగ్జాండ్రియా జాలర్లకు తుఫాన్ల క్యాలెండర్ ఉంది. మనకు రోహిణి కార్తె, మృగశిర కార్తె ఉన్నట్టే ప్రతి తుఫానుకూ ఒక పేరు, ఒక తేదీ! నవంబరు మధ్యలో ‘మక్‌నసా’, అంటే చీపురు, వచ్చి ఊరు ఊడ్చేస్తుంది. డిసెంబరు మొదట్లో ‘కాసిమ్’. జనవరిలో ‘ఫైదా’, ‘గతాస్’, ‘కరమ్’ వరస కడతాయి. మార్చిలో ‘హుసూమ్’. మార్చి నెలాఖరున ఆఖరిది వస్తుంది. దాని పేరు ‘అవ్వా’! మన నోటి నుంచి కూడా అదే మాట వస్తుంది మరి. తేదీలు రెండు మూడు రోజులు అటూఇటూ కావచ్చు, జనం మాత్రం ఆ లెక్కతోనే గొడుగు తీస్తారు. ఆ రోజుల్లో అలలు కార్నిష్ గోడ దాటి రోడ్డు మీద పడతాయి. ఇళ్ల పక్క ఫుట్‌పాత్ మీదే నడవండి.

వేసవిలో? కైరో వేడికి తాళలేక జనం మొత్తం ఇక్కడికే! రైలు టికెట్లు ముందే తీసుకోవాలి. ఏప్రిల్, మే, అక్టోబరు నెలలైతే ఎండా మంచిదే, అలలూ మంచివే. నన్నడిగితే అక్టోబరే.

వారాంతం ఆదివారం కాదని తెలుసా? శుక్ర, శనివారాలు! శుక్రవారం పొద్దున రోడ్లు ఖాళీ, దుకాణాలు మూత. ఊరంతా తిరగాలంటే ఆ పూటే తిరగండి, మష్రూలో మోచేతులు కూడా తగలవు!

ఇంటికి ఫోన్ చేయాలా? హైదరాబాద్‌లో రాత్రి 10 అయితే అక్కడ చలికాలంలో సాయంత్రం ఆరున్నర, వేసవిలో ఏడున్నర. ఈజిప్టు 2023 నుంచి వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరుపుతోంది. అమ్మ నిద్రపోయాక ఫోన్ చేసి తిట్లు తినకండి!

మన సన్నటి రెండు పిన్నుల ఛార్జర్ అక్కడ చక్కగా పడుతుంది. లావుపాటి మూడు పిన్నులది మాత్రం పట్టదు. చాలా పురావస్తు స్థలాల్లో టికెట్టుకు నోట్లు తీసుకోరు, కార్డే అడుగుతారు. మష్రూకు చిల్లర, సమాధులకు కార్డు. తారుమారు చేయకండి!

శాకాహారులకు శుభవార్త! అన్నం, మసూర్ పప్పు, మెకరోనీ, శనగలు, వేయించిన ఉల్లిపాయలు, టమాటా పులుసు... ఇవన్నీ ఒకే గిన్నెలో వేస్తే కొషరీ. ఇంటిదాకా వచ్చిన చుట్టాలందరినీ ఒకే గదిలో పడుకోబెట్టినట్టు ఉంటుంది, కానీ రుచి అమోఘం! చిక్కుడు గింజల ‘ఫూల్’, వాటితోనే చేసే ఫలాఫెల్ వడలు పొద్దుటి టిఫిను. చేప తినేవాళ్లు అన్‌ఫూషీ వైపు నడవండి, చేపను మీరే ఎంచి ఇస్తే కాల్చిపెడతారు.

మీకు తెలుసా? మన కృష్ణాతీరం పేరు రెండో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాలో రాసుకున్నారు! అక్కడ కూర్చుని టోలెమీ అనే పండితుడు (పైన చెప్పిన సేనాని కాదు) దాదాపు 8,000 చోట్ల పేర్లు, కొలతలతో భూగోళ గ్రంథం కూర్చాడు. అందులో మన తీరం ‘మైసోలియా’. అందులోని ‘కొంటకోస్సిల’ మన ఘంటసాలేనని చరిత్రకారులు గుర్తించారు. బందరు దగ్గరి ఊరు పేరు మధ్యధరా ఒడ్డున, జీపీఎస్‌కు 1,800 ఏళ్ల ముందు!

వియన్నాలో భద్రంగా ఉన్న ఒక పపైరస్ పత్రం ఇంకా ఆశ్చర్యపరుస్తుంది. కేరళలోని ముజిరిస్ నుంచి ‘హెర్మపొల్లోన్’ అనే ఓడ తెచ్చిన సరుకు లెక్కలవి. ఎర్రసముద్రం దాకా ఓడ, ఎడారిలో ఒంటెలు, నైలు మీద పడవలు, ఆఖరికి అలెగ్జాండ్రియా గోదాము. సరుకు విలువ దాదాపు 70 లక్షల సెస్టర్సులు! దిగుమతి పన్ను ఎంతో తెలుసా? 25 శాతం! గుండె పట్టుకున్నారా?

ఒక రోజు మిగిలిందా? తూర్పుకు వెళ్తే 65 కిలోమీటర్లలో రషీద్, 1799లో రోసెట్టా రాయి దొరికిన ఊరు. రాయి మాత్రం లండన్‌లో ఉంది. పడమటికి వెళ్తే వంద కిలోమీటర్లు దాటగానే ఎల్ అలమీన్. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఎడారిలో మరణించిన ఏడు వేల మందికి పైగా సైనికుల సమాధులున్న స్థలంలో ఒక ప్రత్యేక స్మారకం ఉంది. తమ మతాచారం ప్రకారం దహనం చేసిన 600 మందికి పైగా సైనికుల కోసం కట్టింది. భారత సైన్యం ఆ ఎడారిలో పోరాడింది. మనవాళ్లు అలెగ్జాండ్రియా దాకా వచ్చి అక్కడికి వెళ్లకపోతే ఎలా? ఆ ఒక్క రోజూ తప్పకుండా కేటాయించండి.

ఇక ఆఖరి ప్రశ్న. 122, 123, 126... ఇవేమిటో చెప్పుకోండి! ట్రాము నంబర్లు కావు. 122 పోలీసు, 123 అంబులెన్సు, 126 టూరిస్ట్ పోలీసు. ఇప్పుడే ఫోన్‌లో సేవ్ చేసుకోండి, ఆ తర్వాతే సూట్‌కేసు సర్దండి!